నూకరత్నం ఇచ్చిన ఐదు స్టార్లు

నూకరత్నానికి కోపం వస్తే ముందుగా తెలిసేది పెనానికి. అట్లకాడ చప్పుడు మారిపోతుంది. అనకాపల్లి స్టేషన్ దగ్గర ఆవిడ టిఫిన్ కొట్టుకి రోజూ వచ్చేవాళ్ళు ఆ చప్పుడు వినగానే మాటలు తగ్గించి పెసరట్టు మీద దృష్టి పెడతారు. అలాగని ఆవిడ ఊరికే అరిచే మనిషి కాదు. అబద్ధం వింటే ఒళ్ళు మండుతుంది, అంతే. తన కొట్టు మీద తనే అబద్ధం చెప్పదు. "ఇయ్యాల సెట్నీ సరిగ్గా కుదర్లేదు బాబూ, కారప్పొడి ఏసుకోండి" అని అడక్కుండానే చెబుతుంది. అలా చెప్పుకుంటే వ్యాపారం ఎలా సాగుతుందని భర్త బంగారయ్య మొత్తుకుంటాడు. అలా చెబుతుంది కాబట్టే సాగుతోందని నూకరత్నం నమ్మకం.

రైలు దిగినవాళ్ళు ముందు ఆవిడ దగ్గర టిఫిన్ తిని, తర్వాత ఎక్కడ దిగాలో అడుగుతారు. ఈ లాడ్జికి వెళ్ళండి, ఆ లాడ్జికి వద్దు అని ఆవిడ చెబుతుంది. వాళ్ళు పెట్టె పట్టుకుని అటే నడుస్తారు. తన నోటి మాటకున్న ఆ విలువ ఆవిడకి మెడలో పుస్తెలతో సమానం. ఆ విలువ బిర్యానీకి పోయిందని తెలిసిన రోజు సంగతే ఇప్పుడు చెప్పబోయేది.

ఆవిడ కొట్టుకి ఎదురుగా ధనరాజ్ లాడ్జి ఉంది. తండ్రి కట్టిన పాత మేడకి ముందువైపు అద్దాలు బిగించి, రంగులు వేయించి, పేరు ముందు గ్రాండ్ అని తగిలించాడు. లోపల గదులకి కూడా రంగే వేశాడు, రంగు మాత్రమే వేశాడు. ప్రారంభం రోజున వీధి వీధంతటినీ బిర్యానీ భోజనానికి పిలిచాడు. మన వైపు శుభకార్యమంటే గేటు దగ్గర బల్ల వేసుకుని ఒకాయన కూర్చుంటాడు, ఎవరు ఎంత చదివించారో మైకులో చెబుతాడు. ఆ రోజూ బల్ల ఉంది, మైకూ ఉంది. మైకు మాత్రం కొత్త మాట మాట్లాడింది. "చదివింపులు తీసుకోబడవు. మన వీధి లాడ్జికి ఫోన్లో ఐదు స్టార్లు చదివించండి, అదే చాలు."

జనానికి ఇది భలే నచ్చింది. చేతి నుంచి రూపాయి వదలదు, మర్యాద దక్కుతుంది. తిన్నవాళ్ళు తిన్నట్టే బల్ల దగ్గరికి వెళ్ళి ఫోన్ ఇచ్చారు. మైకులో పేర్లు మోగాయి. "సైకిల్ షాపు అప్పలరాజు గారు, ఐదు స్టార్లు. సన్యాసిరావు మాస్టారు, ఐదు స్టార్లు." పేరు వినబడకపోతే చిన్నతనం కదా. నూకరత్నం చెయ్యి కడుక్కుని వచ్చి, డిగ్రీ చదువుతున్న కూతురు హాసినికి ఫోన్ అందించింది. "మనదీ సదివించీయే" అంది. బల్ల దగ్గర కుర్రాళ్ళు ఏం రాయాలో చూపించారు, హాసిని అదే రాసింది. తల్లి ఏం రాశావని అడగలేదు, కూతురు చెప్పలేదు. "టిఫిన్ల నూకరత్నం గారు, ఐదు స్టార్లు" అని మైకు అరిచింది. ఆవిడ సంబరపడింది కూడా.

తర్వాత ఆ విషయం మర్చిపోయింది. లాడ్జి నుంచి రోజూ టిఫిన్ పార్సిళ్ళ ఆర్డర్ వస్తోంది, మర్చిపోవడానికి అదీ పనికొచ్చింది.

కొన్ని నెలలు గడిచాక ఒకరోజు పొద్దున్నే కొట్టు తెరిచేసరికి ఎదురుగా లాడ్జి మెట్ల మీద ఒక తల్లీ కూతురూ కూర్చుని ఉన్నారు. తల్లి పేరు రాజశ్రీ, తెనాలి వైపు మనిషి. కూతురికి నర్సు ఉద్యోగం పరీక్ష, సెంటరు ఊరి చివర కాలేజీలో పడింది. ఇద్దరి కళ్ళూ ఎర్రగా ఉన్నాయి. నూకరత్నం పిలిచి ఇడ్లీ పెట్టింది. ఆ పిల్ల ఒక ఇడ్లీ తుంచి, చేతిలోనే పట్టుకుని కూర్చుంది.

"నిద్రోలేదేటమ్మా?" అని అడిగింది నూకరత్నం.

"గది తలుపుకి గడియ పడలేదండి" అంది రాజశ్రీ. "పక్క గదిలో తాగి ఉన్నారు. వచ్చి తలుపు తోశారు, నవ్వుకుంటూ పోయారు, మళ్ళీ వచ్చారు. కిందికి ఫోన్ చేస్తే ఎవరూ తియ్యలేదు. మంచం జరిపి తలుపుకి అడ్డం పెట్టి, దాని మీదే ఇద్దరం కూర్చున్నాం తెల్లారేదాకా. ఇప్పుడు దీనికి పరీక్ష."

నూకరత్నం లాడ్జి వైపు తిరిగి చూసింది. "ఆ కొంపలో ఎందుకు దిగేరమ్మా? రంగులు తప్ప ఏటున్నాది అందులో? నన్నొక్క మాట అడిగితే సెప్పేదాన్ని కదా."

రాజశ్రీ ఆవిడ మొహంలోకి కాసేపు చూసింది. ఫోన్ తీసి, వేలితో పైకి జరిపి, ముందుకు చాపింది. అందులో నూకరత్నం ఉంది. నూకాలమ్మ గుడి ముందు తీయించుకున్న ఫోటో, నుదుట పెద్ద బొట్టు, చెవులకి దిద్దులు. పక్కన ఐదు స్టార్లు. కింద రాత. కుటుంబంతో బస చేశాం, చాలా శుభ్రం, ఆడవాళ్ళకు పూర్తి భద్రత.

"మీరు చెబితేనే దిగామండి" అంది రాజశ్రీ. గొంతు పెంచలేదు. "చాలా మంది మగవాళ్ళు రాశారు, అవేవీ పట్టించుకోలేదు. పెద్దావిడ, ఆడమనిషి రాసిందని నమ్మాను."

నూకరత్నం డబ్బులు వద్దని చేత్తోనే సైగ చేసింది. రాజశ్రీ ఆ చెయ్యి చూడనట్టే నోటు బల్ల మీద పెట్టి, కూతుర్ని ఆటో ఎక్కించుకుని వెళ్ళిపోయింది. ఆ పిల్ల పరీక్ష ఎలా రాసిందో, అసలు రాయగలిగిందో లేదో ఈనాటికీ నూకరత్నానికి తెలియదు. తెలుసుకునే దారి లేదు. చెంప మీద కొట్టి పోయినా బాగుండేదని అనుకుంది.

ఆ రోజు పొయ్యి మధ్యలోనే ఆపేసింది. ఇంటికెళ్ళి హాసినిని కూర్చోబెట్టి, ఆ లాడ్జి గురించి జనం రాసినదంతా చదవమంది. హాసిని చదువుతూ ఉంటే వంటింటి గుమ్మంలో నిలబడి వింది. సైకిల్ షాపు అప్పలరాజు ఆ లాడ్జి పరుపు మీద హాయిగా నిద్రపోయాడట. వాడి ఇల్లు లాడ్జి వెనక సందులో. సన్యాసిరావు మాస్టారు వ్యాపార పర్యటనలో బస చేశారట. రిటైరైన మాస్టారికి వ్యాపారమేమిటో, పర్యటన ఎక్కడికో. ఆయన ఇంటి గోడా లాడ్జి గోడా ఒకటే. పడగ్గదిలోంచి లేచి గోడ దూకి వెళ్ళి పడుకున్నారు కాబోలు. అందరికీ సొంత ఇళ్ళున్నాయి, సొంత మంచాలున్నాయి. అందరూ ఆ లాడ్జిలోనే సుఖంగా నిద్రపోయారు. తెనాలి నుంచి వచ్చిన పిల్ల మాత్రం మంచం మీద కూర్చుని తెల్లారబెట్టింది.

"నువ్వొక్కదానివే రాసేవేటి? మన ఈదోళ్ళంతా రాసేరు" అన్నాడు బంగారయ్య, ఊరడిద్దామని.

"అదే నా మంట. ఈదంతా కలిసి ఆ గుంటని ఆ గదిలోకి తోసేం. తాగినోడు తలుపొకటే తోసేడు."

చీర కొంగు బిగించి లాడ్జికి వెళ్ళింది. ధనరాజ్ చెడ్డవాడేం కాదు, ఎదురుపడితే అక్కా అనే మనిషే. కూర్చోమన్నాడు, టీ చెప్పాడు. ఆవిడ కూర్చోలేదు.

"గడియేగా అక్కా, ఏయించేత్తాను. దీనికింత గొడవేటి? అన్ని లాడ్జిలోళ్ళూ ఇలాగే రాయించుకుంటన్నారు. నాను రాయించుకోకపోతే ఫోన్లో అందరికన్నా కిందికి పోతాను. అయినా ఆ రోజు తిని బాగున్నాదన్నావు కదా."

"బిరియానీ బాగున్నాదన్నాను. గది బాగున్నాదన్లేదు" అంది నూకరత్నం. "నా మొగం ఎట్టి ఆడపిల్లల్ని లోపలికి లాగుతున్నావు. నా మొగం నాకిచ్చెయ్యి."

ధనరాజ్ నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఆవిడ అక్కడ నిలబడలేదు.

ఇంటికొచ్చి హాసిని చేత పాత రాత తీయించి, కొత్తది తనే చెప్పి రాయించింది. ఈ లాడ్జిలో నేను ఒక్క రాత్రి కూడా పడుకోలేదు, మా ఇల్లు ఈ వీధిలోనే ఉంది, భోజనం పెట్టి స్టార్లు వేయించుకున్నారు, ఆడవాళ్ళు దిగితే ముందు తలుపు గడియ చూసుకోండి. స్టార్లు ఎన్ని అని హాసిని అడిగింది. ఒక్కటీ వద్దంది. ఒక్కటైనా ఇవ్వకపోతే ఫోన్ తీసుకోదని హాసిని చెప్పింది. ఆ ఒక్క స్టారు ఇవ్వడానికి నూకరత్నం ప్రాణం ఎంత గింజుకుందో చెప్పలేం.

మర్నాటి నుంచి లాడ్జి పార్సిళ్ళు ఆగిపోయాయి. సన్యాసిరావు మాస్టారు కొట్టుకొచ్చి, ఇడ్లీ తింటూ, ఊరి పరువు గురించి పాఠం చెప్పారు. మనవాడు నాలుగు రాళ్ళు వెనకేసుకుంటుంటే మనమే అడ్డుపడితే ఎలాగమ్మా అన్నారు. ఆయనకి జీవితమంతా పిల్లలకి నిజం చెప్పడమే ఉద్యోగం. పెన్షన్ కూడా దానికే వస్తోంది. నూకరత్నం అట్లకాడ పెనం మీద వేసిన చప్పుడుకి ఆయన చేతిలో ప్లేటు కదిలింది. మిగతా ఇడ్లీ నిలబడే తిని వెళ్ళిపోయారు.

పార్సిళ్ళు పోయినందుకు ఆవిడ బాధపడలేదు. ఆ వారం గడవక ముందే హాసిని ఫోన్ పట్టుకొచ్చి, ఆ యాప్ వాళ్ళు ఆవిడ రాత తీసేశారని చెప్పినప్పుడు మాత్రం నిజంగా నివ్వెరపోయింది. ధనరాజ్ ఫిర్యాదు చేశాడట. ఆ లాడ్జిలో దిగలేదని మీరే రాశారు కాబట్టి మీ అభిప్రాయం చెల్లదని ఫోన్లో సమాధానం వచ్చింది.

"దిగేనని అబద్ధం రాసినప్పుడు నెలలకి నెలలు ఉంచేరు కదే" అంది నూకరత్నం.

"అవునమ్మా."

"దిగలేదని నిజం రాత్తే పీకీసేరు."

"దిగినోళ్ళే రాయాలంట."

నూకరత్నం లేచి సంచిలో దుప్పటి, మార్చుకోవడానికి చీర పెట్టుకుంది. ఆధార్ కార్డు తీసి జాకెట్లో దోపుకుంది.

"ఎక్కడికే?" అన్నాడు బంగారయ్య.

"లాడ్జికి. దిగుతాను. డబ్బులిచ్చి దిగి, పడుకుని, అప్పుడు రాత్తాను. ఎవడు పీకుతాడో సూత్తాను."

మధ్యాహ్నం బండి వచ్చి వెళ్ళిన సమయం అది. లాడ్జి కౌంటరు ముందు ఒక జంట ఉంది, ఆ భార్య భుజం మీద పాప నిద్రపోతోంది. భర్త ఫోన్ చూస్తూ, రేటింగ్ బాగుంది, ఇక్కడే దిగిపోదాం అంటున్నాడు. కౌంటరులో ఉన్నవాడి పేరు పరదేశి, పొద్దున్నే ఆవిడ దగ్గర అప్పు మీద అట్టు తినే మనిషే. నూకరత్నం సంచి కౌంటరు మీద పెట్టి, రూమిమ్మని అడిగి ఆధార్ కార్డు ముందుకు తోసింది.

పరదేశి కార్డు చూసి ఇబ్బందిగా నవ్వాడు. "నీకియ్యకూడదు అత్తా."

"గొడవ పడ్డాననా?"

"అది కాదు. లోకల్ ఆధార్ అయితే ఎవులికీ ఇయ్యం, ఓనరు గారు పెట్టిన రూలు. ఊల్లో ఇల్లున్నోళ్ళకి రూమెందుకు, ఏదో తప్పుడు పనికే వత్తారంటాడు. మొదట్నుంచీ ఇంతే. కావాలంటే సూడు." వెనక గోడ మీద బోర్డు చూపించాడు. స్థానికులకు గదులు ఇవ్వబడవు అని పెద్ద అక్షరాలతో ఉంది.

నూకరత్నం ఆ బోర్డు రెండుసార్లు చదివింది. ఎంత కోపమొచ్చినా గొంతు మాత్రం కొట్టులో చట్నీ సంగతి చెప్పినట్టే మామూలుగా వచ్చింది. ఆ భార్య వైపు తిరిగింది.

"సూడమ్మా. మీ ఫోన్లో ఈ లాడ్జి బాగున్నాదని రాసినోళ్ళం మేవే, ఈ ఈదోళ్ళం. నా ఫోటో కూడా ఉండేది. మా ఈదిలో ఒక్కరికీ ఇక్కడ రూమియ్యరట. మరి మేవంతా ఇక్కడ ఎప్పుడు పడుకున్నాం?"

పరదేశి బోర్డు వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు, రిజిస్టరు మూసేశాడు. భర్త ఇంకా ఫోన్లోనే వెతుకుతున్నాడు. భార్య పాపని రెండో భుజం మీదికి మార్చుకుంది.

"మరి మంచి లాడ్జి ఏదండీ ఇక్కడ?" అని అడిగింది.

ఎన్నో ఏళ్ళుగా ఎంతోమంది అడిగిన ప్రశ్న. జవాబు ఎప్పుడూ నూకరత్నం నాలిక మీదే ఉండేది, ఇప్పుడూ ఒక పేరు నోటిదాకా వచ్చింది. ఆ పేరు ఎలా వచ్చిందా అని ఆలోచించింది. కొట్టులో టిఫిన్ తిన్నవాళ్ళు ఎవరో చెప్పగా విన్నది, అంతకు మించి ఏమీ లేదు.

"తెలీదమ్మా" అంది. "ఈ ఊళ్ళో ఏ లాడ్జిలోనూ నాను పడుకోలేదు."

కౌంటరు మీది తన సంచి భుజానికి తగిలించుకుని, వాళ్ళ పెట్టె రెండో చేత్తో ఎత్తింది.

"పదండి, ఒక్కో లాడ్జికీ ఎల్లి తలుపు గడియలు సూసుకుందాం."