నేను చూడని కొండలకు నేనే గైడు

కువైట్‌లో నేను పనిచేసే ఇంటి యజమానురాలిని అందరు పనివాళ్ళలాగే నేనూ మామా అని పిలుస్తాను. సబా అల్ సలేంలో మూడంతస్తుల ఇల్లు. మామాకు ఇండియా అంటే ఒకటే ఊరు, అందులో ఉన్నవాళ్ళందరం ఇరుగుపొరుగు. ఒకరోజు నేను వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతుంటే ఫోను తెచ్చి నా ముక్కు ముందు పెట్టింది. అందులో తెల్లటి కొండ.

“ఇది ఇండియానే కదా?”

“అవును మామా.”

“నువ్వూ ఇండియానే కదా?”

“అవును మామా.”

“ఖలాస్. హిమాలయాలకు నువ్వే నా గైడు.”

మాది అన్నమయ్య జిల్లా. మా ఊరి నుంచి ఆ మంచుకొండలకు రైల్లో పోవాలన్నా రోజులు పడుతుంది. ఆ మాట చెప్పడానికి నోరు తెరిచాను కూడా. ఈలోగా మామా ఇంకో మాట అంది: “నన్ను ఎక్కించి, క్షేమంగా దించితే, అక్కడి నుంచి అటే నీకు నెల సెలవు.” తెరిచిన నోరు మూసుకున్నాను. నా కూతురిని నాలుగేళ్ళప్పుడు మా అక్క దగ్గర వదిలి వచ్చాను. ఇప్పుడు దానికి ఏడేళ్ళు. దాని పాలపళ్ళు ఊడటం, కొత్తవి రావడం అన్నీ ఫోన్లోనే చూశాను. నెల సెలవు ఇస్తానంటే హిమాలయాలేం ఖర్మ, చంద్రుడి మీదికైనా దారి తెలుసనేదాన్ని.

మా ఇంటి డ్రైవరు రాయచోటి వైపు మనిషి. సంగతి విని స్టీరింగు మీద పడి నవ్వాడు.

“ఏం పాపా, మంచు ఎప్పుడన్నా సూసినావా?”

“సూస్తానే ఉండా కదన్నా, ఫ్రిజ్జు కడిగినప్పుడల్లా.”

“ఆమెకు తెలిస్తే నిన్ను ఆడ్నే ఇడ్సిపెట్టి వస్తాది.”

“ఇడ్సిపెట్టనీ. ఇండియాలోనే కదా ఉండేది!”

మా చుట్టుపక్కల ఎక్కడానికి కొండన్నది లేదు. అందుకని ఇంటి మెట్లే మాకు కొండ. లిఫ్టుకు కుర్చీ అడ్డం పెట్టాను. ఐదు కిలోల బాస్మతి బియ్యం సంచిని మామా వీపు బ్యాగులో పెట్టి, నేను ముందు, ఆమె వెనక. “యల్లా మామా, యల్లా!” అని నేను ఆమెను తొందరపెట్టడం! మూడేళ్ళుగా ఆ మాట పడ్డదాన్ని, అనడంలో ఎంత సుఖముందో అప్పుడే తెలిసింది. ఆమె స్నేహితురాళ్ళు ఇద్దరు కూడా మొదట్లో చేరారు గానీ, అంతస్తుకో కాఫీ, కాఫీకి నాలుగు ఖర్జూరాలు చొప్పున సాధన చేసి, రెండో వారానికి మోకాళ్ళ నొప్పులని మానేశారు. చలి అలవాటు కావాలని మామాకు స్వెట్టరు తొడిగి, సూపర్ మార్కెట్లో చేపల ఫ్రీజర్ల ముందు అరగంట నిలబెట్టాను. “మా గైడుకు అన్నీ తెలుసు” అని ఆమె అక్కడి అమ్మకందారుతో గొప్పగా చెప్పింది. నాకు నిజంగా సిగ్గేసింది. సెలవు తలుచుకుని ఆ సిగ్గు మింగేశాను.

తీరా హిమాలయాలకు వచ్చాక, కొండ కింద ఒక స్థానికుడు కంచరగాడిదతో మా సామాను మోయడానికి కుదిరాడు. మామా దృష్టిలో అతను కూలీ, నేను గైడు. అసలు జరిగేదేమిటంటే, నేను అతన్ని హిందీలో మెల్లగా అడిగి, అతను చెప్పింది అరబ్బీలో గట్టిగా చెప్పేదాన్ని. ఆ హిందీ అయినా కువైట్‌లో పక్కింటి వంటతని దగ్గర నేర్చుకున్నదే. “మధ్యాహ్నం దాటితే మబ్బు పడుతుంది మామా” అనేదాన్ని. పడేది. నా మీద నాకే నమ్మకం కుదరసాగింది. మొదటిసారి మంచు తొక్కినప్పుడు మాత్రం దొరికిపోయేదాన్నే. కెవ్వున అరిచాను.

“ఏమైంది?” అంది మామా.

“ఈ ఏడాది మంచు మెత్తగా ఉంది” అన్నాను.

మూడో రోజుకు పైకి చేరాం. మామా ఏడ్చింది, నేనూ ఏడ్చాను, ఎవరి కారణం వారిది. చిక్కంతా దిగేటప్పుడు వచ్చింది. కంచరగాడిదతో అతను ముందే వెళ్ళిపోయాడు. రాళ్ళు జారే వాలు ఒకటి వచ్చేసరికి మామా కిందికి చూసి చతికిలబడింది. “నేను రాను. హెలికాప్టర్‌ను పిలువు.” పిలవడానికి ఫోన్లో సిగ్నలే లేదు. బతిమాలాను. చెయ్యి పట్టి లాగాను. లాగేకొద్దీ మడమలు నేలకు తన్నిపెట్టి బిగుసుకుంది. మబ్బు దిగుతోంది.

ఆ మడమలు చూస్తే నేను చిన్నప్పుడు కాసిన మేకలు గుర్తొచ్చాయి. గుట్ట ఎగబాకి, దిగలేక నిలబడ్డ మేకను లాగితే ఇంకా మొరాయిస్తుంది. నీతో నాకేం పని అన్నట్టు వీపు తిప్పి నడిచిపోవాలి. తిరిగి చూశామా, పని చెడినట్టే.

వీపు తిప్పి నడిచాను. ఆమె పడితే? పడకపోయినా, యజమానురాలిని కొండ మీద వదిలేసిన పనిమనిషికి సెలవెవరిస్తారు? వెనక నుంచి తిట్లు మొదలయ్యాయి. ఇన్నేళ్ళలో నా చెవిన పడని అరబ్బీ తిట్లు కూడా విన్నాను. కానీ ఆ తిట్లు దగ్గరవుతున్నాయి. రాళ్ళు దొర్లిన చప్పుడు, ఒక తిట్టు, మళ్ళీ రాళ్ళు. తిట్టు ఆగితే నా గుండె ఆగేది. మళ్ళీ మొదలవగానే హమ్మయ్య అనుకుని నాలుగడుగులు వేసేదాన్ని.

కింద మేం బస చేసిన ఊరు చేరాక మామా ఎర్రబడ్డ మొహంతో నా ఎదుట నిలబడింది. “సెలవు లేదు! ఖలాస్!”

నాకు దుఃఖం ఆగలేదు. అంతా కక్కేశాను. ఈ కొండల మొహం ఎప్పుడూ చూడలేదని, కూతురి కోసం అబద్ధమాడానని, పైన చేసింది మేకల దగ్గర నేర్చిన విద్యని.

“మేకా?” అంది మామా. “నేను మేకనా?”

ఆమె రొప్పు తగ్గడానికి చాలాసేపు పట్టింది.

“నువ్వు వస్తున్నట్టు నీ కూతురికి తెలుసా?”

“తెలీదు మామా. ఇదివరకు రెండుసార్లు వస్తున్నానని చెప్పాను. రెండుసార్లూ మీరు వద్దన్నారు.”

మామా కూర్చుని బూట్లు విప్పింది. ఒకటి అటు, ఒకటి ఇటు విసిరింది. “నెల కాదు, రెండు నెలలు పో. నా మోకాళ్ళు బాగయ్యేదాకా నీ మొహం నాకు చూపించకు. ఫోను చెయ్యి, ఇప్పుడే.”

ఆ ఊళ్ళో ఫోను పలికింది. తెర మీదికి నా కూతురు వచ్చింది.

“వస్తాండా పాపా.”

“ఈసారి నిజంగానా మా?”

మామాకు తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా నా చేతిలోంచి ఫోను లాక్కుని, నా కూతురికేసి చూస్తూ తల గట్టిగా ఊపింది.