ఎరుపును మాయం చేసే ట్యూబు

రోజూ పొద్దున ఆసుపత్రి లాండ్రీ తలుపు దగ్గర పదిహేనుమంది ఆడవాళ్ళు చేతులు చాపి నిలబడాలి. సూపర్‌వైజరు ఒక్కో చెయ్యీ తిప్పి చూస్తాడు. ఎర్రగా కనబడితే ఆ రోజుకు పనీ లేదు, కూలీ లేదు. జబ్బు చేతులు ఉతికిన దుప్పట్లకు తగలకూడదట! నెత్తురూ చీమూ అంటిన దుప్పట్లను ఆ చేతులతోనే విడదీయిస్తారన్న సంగతి, చిరిగిన గ్లవ్సుకు బదులు నెల తిరిగేదాకా కొత్తవి రావన్న సంగతి ఎవరూ ఎత్తరు. వదిన పదకొండేళ్ళు నోరు మెదపకుండా చేతులు చాపింది. పక్కనే పనిచేసే ఆడపడుచు పిలుపు పట్టుకుని లాండ్రీ అంతా ఆమెను వదిన అనే పిలుస్తుంది.

బట్టలు మార్చుకునే గదిలో, అద్దం వెనక, ఒక తెల్ల ట్యూబు ఉంటుంది. మందుల షాపువాడు చీటీ అడగకుండా ఇచ్చే స్టెరాయిడ్ క్రీము. సోడాకూ బ్లీచింగుకూ ఎర్రబడ్డ చేతులకు రాత్రి రాస్తే పొద్దుటికి ఎరుపు మాయం. చేతినుంచి చేతికి తిరిగే ఆ ట్యూబే వాళ్ళ కూలీకి కాపలా.

ఆ వారం వదినకు చూపుడువేలి గోరు పక్కన చర్మం చీలింది. చుట్టూ ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బింది. ఆడపడుచు ఆ వేలు పట్టుకుని చూసింది.

"వదినా, ఇది రోజూ వచ్చే ఎరుపులా లేదు. సలుపుతోందా?"

"సలపక జోల పాడుతుందా? ఆ ట్యూబు ఇలా పడెయ్."

"డాక్టరుకి చూపిద్దాం."

"చూపిస్తే ఆయన సెలవు రాస్తాడు. మరి కూలీ నువ్వు రాస్తావా?"

నాలుగు రోజులు రాసింది. నాలుగు రోజులూ తలుపు దాటింది. "చేతులంటే ఇలా ఉండాలి" అని సూపర్‌వైజరు మెచ్చుకున్నాడు కూడా. ఐదో రోజు చలిజ్వరం, చంకలో బిళ్ళ, మణికట్టు నుంచి మోచేతిదాకా ఎర్రటి గీత. తాను దుప్పట్లు ఉతికే ఆసుపత్రిలోనే మంచమెక్కింది.

డాక్టరమ్మ ట్యూబు పేరు విని తల పట్టుకుంది.

"ఎరుపు శత్రువు కాదమ్మా. చర్మంలో కాపలా కణాలుంటాయి. బాక్టీరియా దూరగానే అవి కబురు పెడతాయి. రక్తనాళాలు వెడల్పవుతాయి, ఆ ఎరుపూ వేడీ అందుకే. రక్తంలోంచి తెల్లకణాలు పరుగెత్తుకొచ్చి బాక్టీరియాను మింగుతాయి, మింగి అవీ చస్తాయి. చీములో సగం వాటి శవాలే. మీ క్రీము ఆ కబురునే ఆపేసింది. పైకి చెయ్యి బాగుంది, లోపల పోట్లాడేవాళ్ళు తగ్గిపోయారు."

వదిన తన వాచిన వేలికేసి చూసుకుంది.

"నా కోసం కొట్లాడేవాళ్ళ నోరు నేనే నొక్కానన్నమాట. వేలు దక్కుతుందా డాక్టరమ్మా?"

దక్కలేదు. రెండు కణుపులు తీసేశారు. దుప్పట్ల మూటల ముడులు విప్పలేని చేతికి లాండ్రీలో పని లేదన్నారు. ఆడపడుచు ఆ ట్యూబును చెత్తబుట్టలో పారేసింది. మూడో రోజుకల్లా అద్దం వెనక ఇంకొకటి చేరింది.

వదినకు తెలివి లేదనకండి. వాచిన చేతిని వైద్యానికి పంపకుండా ఇంటికి తరిమే పద్ధతిది ఈ పాపం. ఎప్పుడైనా ఆసుపత్రి దుప్పటి మీద పడుకున్నవాళ్ళయితే ఓ కాగితం తీసుకుని మీ ఆసుపత్రి పెద్దలకు రాయండి: గ్లవ్సు చిరిగిన రోజే కొత్తవి ఇవ్వాలి, చెయ్యి ఎర్రబడితే కూలీ కోయకుండా చికిత్స చేయించాలి. జవాబు రాకపోతే నలుగురిని వెంటబెట్టుకుని వెళ్ళి అడగండి.