వాసన లేని మందు

2002లో జీడి పూతకొచ్చిన రోజుల్లో, జలంత్రకోట దగ్గర దానేసు తోటలో పోయినవి ఇవి: సముద్రం వైపు ఇరవై చెట్ల పూత పూర్తిగా, ఊరి వైపు ఇరవై చెట్ల కాపులో చాలా భాగం, రెండు తేనెపట్లు. మందు అమ్మింది నేనే. పలాసలో నాది పురుగుమందుల కొట్టు. చదివింది పదో తరగతి. మందు లెక్కలన్నీ సీసాల మీది చీటీలు చూసి నేర్చుకున్నవే.

ఆ మందు అడిగి తీసుకెళ్లింది దానేసు భార్య తులసమ్మ. "మా మరిది కిడ్నీలు పోయి మంచాన పడున్నాడన్నియ్యా. ఏటి వల్లో డాక్టర్లే సెప్పనేకపోతన్నారు. ఈయనేమో మందు కొట్టొచ్చి రేత్రంతా కక్కుతాడు. ఇసం తక్కువున్నదేదైనా ఇయ్యి."

అప్పుడే కొత్త ఫార్ములేషన్ ఒకటి వచ్చింది. ఫార్ములేషన్ అంటే మందును తయారుచేసిన తీరు. దీనికి ఘాటు వాసన లేదు, మనిషికి ప్రమాదం తక్కువ, డోస్ కూడా తక్కువ. చిగుళ్లనూ పూతనూ పీల్చి నల్లగా మాడ్చే టీ దోమను చంపుతుందని చెప్పారు. ఇచ్చాను.

రెండు వారాలకు దానేసు మాడిపోయిన పూరెమ్మను తెచ్చి నా బల్ల మీద పడేశాడు.

"సీసాలో మంచినీల్లు పోసి అమ్మీసినావేటి బావా?"

కొట్టులో ఉన్నవాళ్లు నవ్వారు. అతను నవ్వలేదు. "మల్లీ పూత వత్తంది. ఇదీ పోతే ఈ ఏడు జీడిపిక్క కంట సూడను. కొట్టమంటావా, మానీమంటావా?"

తోటకు వెళ్తే నా బుర్ర మరీ చిక్కుపడింది. సముద్రం వైపు చెట్లకు పూత మాడింది. ఊరి వైపు చెట్లకు పూత బాగానే ఉంది, పిందె మాత్రం లేదు. వాటి కింద తేనెటీగలు చచ్చి పడి ఉన్నాయి. ఒకే మందు, ఒకే డ్రమ్ము. డోస్ మళ్లీ లెక్కగట్టాను, సరిపోయింది.

"వేరే ఏదైనా కలిపావేటి?" అన్నాను.

తులసమ్మ మొగుడి వైపు చూసింది. "సెప్పీ. అన్నియ్య కాడ దాపరికమేటి?"

"సగం తోట కొట్టినా వాసన రానేదు బావా. అందుకే మిగిలిన ఊరి వేపు సగానికి, వాసనొచ్చే పాత మందు కూడా కలిపీసినాను."

"బలం సాలదనా?"

"కాదు. కింద నిలబడి పైకి కొడతాను గదా. అంత గుబురులో మందు ఏ కొమ్మకి తగిలిందో అగుపడదు. సెట్టు సుట్టూ తిరిగి వాసన సూత్తాను. రాని కాడ మల్లీ కొడతాను. నీ మందుకి వాసనే నేదు, నానేటి సేసీది?"

మందు చెట్టంతా తగలడాన్ని మేము కవరేజీ అంటాం. దానేసు ఇన్నేళ్లూ దాన్ని ముక్కుతో కొలిచాడు. రాత్రి వాంతులు అందుకే కావచ్చు. మనిషి మేలు కోరి వాసన తీసేస్తే అతని కొలత పోయింది. కలిపిన పాత మందుకు తేనెటీగలు చచ్చాయి, అవి లేక ఊరి వైపు పిందె కట్టలేదు.

మర్నాడు డ్రమ్ములో ఉత్త నీళ్లు పోశాం. వెదురుగడతో కొమ్మలకు కాగితం ముక్కలు తగిలించాం. తులసమ్మ కాలిపంపు స్ప్రేయర్ తొక్కింది, దానేసు కొట్టాడు. దించి చూస్తే సముద్రం వైపు చెట్లలో పై కొమ్మల కాగితాలు పొడిగా ఉన్నాయి. నీళ్లు గాలికి పోయాయి.

గాలికి ఎదురు కాకుండా నిలబడి, గొట్టానికి వెదురు కట్టి పొడవు పెంచి, తేనెటీగలు తిరగడం మానిన సాయంత్రం పూట కొత్త మందొక్కటే కొట్టించాను. పూత నిలిచింది, దానేసు వాంతి చేసుకోలేదు. పిక్క మాత్రం ఎప్పుడూ వచ్చేదానిలో సగమే వచ్చింది.

అప్పటి నుంచి వాసన లేని మందు ఎవరడిగినా, ఎక్కడ పడిందో ఎలా చూసుకుంటావని అడగందే ఇవ్వను.

కోత అయ్యాక దానేసు వచ్చాడు. "లెక్కలోడివి గదా బావా. మొదటి పూతలో నీ మందు బలం సాలక పోనాదెంత, నా సేతిలో గాలికి పోనాదెంత? తులసి రోజూ దెప్పుతంది."

సగం సగం అనేస్తే సరిపోయేది. కానీ ఊరి వైపు పూతను కాపాడింది పాత మందా, సముద్రం వైపు చెట్లు గాలిని అడ్డుకోవడమా? మొదటిదైతే తప్పు నా మందుది, రెండోదైతే గాలిది. తెలియదు. దానేసు ఏటా ఆ మందే కొంటాడు. "నా లెక్కో?" అంటాడు. "తేలనేదు" అంటాను. ఆ అంకె అతనికి ఇప్పటికీ బాకీ ఉన్నాను.