దొర వాకిట్లో జనుము

ఈ ఉదయం కడపలో మా కాలనీ పార్కు చుట్టూ నడుస్తుంటే గలగలమని చప్పుడు వినిపించి కాళ్లు ఆగిపోయాయి. తోటమాలి లాన్ అంచున మొలిచిన మొక్కల్ని పెరికి కుప్ప వేస్తున్నాడు. ఎండిన కాయల్లో గింజలు ఆడుతున్న చప్పుడది. జనుము! ఎన్నేళ్లయిందో విని. పక్కనే నిలబడి పని చేయిస్తున్న కాలనీ సెక్రటరీ, "పిచ్చిమొక్కలు సార్, లాన్ పాడు చేస్తాండాయి" అన్నాడు. ఇంకా పచ్చిగా ఉన్న మొక్కనొకదాన్ని తీసి, మన్ను దులిపి, వేళ్లకున్న బుడిపెలు చూపించాను. "అదేంది సార్, తెగులా?" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ లాన్ కోసమే ఎవరి చేనో తవ్వించి లారీలకు లారీలు ఎర్రమట్టి తోలించిన మనిషి! నెలనెలా యూరియా చల్లించే మనిషి! మట్టికి ఊరికే అన్నం పెట్టే మొక్క ఆయన కంటికి పిచ్చిదయింది. నా స్థానంలో కరీం సాబు ఉంటే ఆ వేరును సెక్రటరీ ముక్కు కింద పెట్టి ఎండ నడినెత్తికి ఎక్కేదాకా వదిలేవాడు కాడు.

కరీం సాబు నా పైఅధికారి. కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజుల్లో ఆలూరు పక్క పల్లెలకు ఆయన వ్యవసాయ డిమాన్‌స్ట్రేటరు. అంటే కొత్త పద్ధతుల్ని రైతుల చేలల్లో చేసి చూపించాల్సిన ఉద్యోగి. నాది కోడుమూరు. ఆయన కింద పొలం పనులు చేయించే మేస్త్రీగా చేరాను. పొడుగాటి మనిషి, ఎప్పుడూ సగం ఊడిన గుండీల చొక్కా, ముక్కు మీద కోపం. సైకిలు మీద పోతూ పోతూ ఎవరి గట్టు మీదో ఆగి, చేయెత్తి కేకేసి, అక్కడికక్కడే పాఠం మొదలుపెట్టేవాడు. పాఠం ఒకటే. "గాలిలో ఉండే బలాన్ని పట్టి వేళ్లల్లో దాచుకుంటాదప్పా ఈ జనుము. పూత మీద ఉండంగానే మడక కట్టి దున్ని మట్లో కలిపేయల్ల. కాయ కట్టనిస్తివా, బలమంతా గింజకు పోతాది, కట్టె నారయితాది. నీ భూమికి మిగిలేదేమీ ఉండదు." వరసగా కరువులు తిని నీరసించిన ఆ నేలలకు అంతకన్నా చవకైన మందు లేదని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయనకు పిచ్చిలాగా ఉండేది. నాకూ అంటించాడు.

కానీ ఆ పాఠం ఈరమ్మ దగ్గర చెల్లలేదు. ఈరమ్మ భర్త పోయాక తానే మడక పట్టి నాలుగెకరాలు చేసుకుంటున్న ఆడమనిషి. ఊళ్లో ఆమె మాటకు విలువుండేది. ఆమె వేస్తే పదిమంది వేస్తారు. కరీం సాబు చెప్పిందంతా ఓపిగ్గా విని, "పూత మీదుండే పైరును దున్నేదా? కడుపుతో ఉన్నదాన్ని కాలితో తన్నినట్ల గాదా సాబూ! అట్ల పాపం మా వంశంలో ఎవురూ చేయలేదు" అంది. ఆయన ఎగిరిపడ్డాడు. పాపమంటే ఏందో, ఆకలంటే ఏందో వాదించాడు. ఆమె వెనక్కి తగ్గలేదు. ఆ ఏడాదంతా వాళ్లిద్దరి కొట్లాట ఊరికి వేడుక అయిపోయింది. ఆయన ఆ దోవన పోయినప్పుడల్లా ఆమె, "వచ్చినాడప్పా చూలు చంపేటోడు!" అనేది. ఆయన సైకిలు దిగి మళ్లీ మొదలుపెట్టేవాడు.

చివరికి ఏం జరిగిందంటే, ఒకరోజు ఆయన వాదన మానేశాడు. గట్టు మీద కూర్చుని ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, "నీ బిడ్డలు తిన్నాక నువ్వు తింటావు గదమ్మా. ఈ చేను నీ బిడ్డలకంతా పెట్టింది. దానికి ఎవురు పెడ్తారు?" అని అడిగాడు. ఈరమ్మ చేనులోకి దిగింది. పిడికెడు మన్ను తీసి నలిపింది. పిండిలా జారిపోయింది. "విత్తనం తెచ్చియ్యి సాబూ. ఒక్క మడి నీ మాట మీద పెడ్తా. దున్నేటప్పుడు మాత్రం నా ఎదురుగా నిలబడల్ల నువ్వు" అంది. ఆ సాయంత్రం ఆలూరు దాకా ఆయన సైకిలు మీద పాడుతూనే ఉన్నాడు. అంత చెడ్డ గొంతు నేను మళ్లీ వినలేదు.

విత్తనం వచ్చింది. బస్తాలు దిగిన మరుసటి రోజే వానా వచ్చింది. అట్లాంటి వాన మా పక్క ఎప్పుడోగాని పడదు. ఈరమ్మ మడి దున్ని పెట్టుకుని మనిషిని పంపింది. అప్పుడు కర్నూలు నుంచి కబురు: ఆ బస్తాలన్నీ ఫలానా పెద్ద అధికారి బంగళాకు పంపాలట. ఆ దొర బంగళా ముందు గులకరాళ్ల నేలలో గడ్డి నాటితే బతకడం లేదట. జనుము వేసి దున్నితే నేల బాగుపడుతుందని ఎవరో చెప్పారట. చలికాలంలో బంగళాలో విందు ఉంది, వచ్చే పెద్దలు పచ్చటి లాన్ మీద కూర్చోవాలట!

కరీం సాబు బస్తాలతో పాటు నన్నూ బస్సెక్కించి కర్నూలు తీసుకుపోయాడు. దొర మన సీమవాడే. అదే నన్ను ఎక్కువ మండించింది. సాబు ఆయన ముందు నిలబడి, "నేల తడి ఆరి పదును పోతాది సార్. రెండు రోజులు ఎండ కాస్తే మళ్లీ వాన ఎప్పుడో ఏమో. రైతులు దున్ని పెట్టుకోనుండారు. సగం బస్తాలన్నా ఇప్పించండి" అని బతిమాలాడు. ఆయన బతిమాలడం నేను చూసింది ఆ ఒక్కసారే. దొర నవ్వి, "మా వాళ్లు పూత మీద దున్నరని ఏడాదంతా నువ్వే గదయ్యా రాస్తివి? దున్నని వాళ్లకు విత్తనమెందుకు? ఈడ చల్లి పో. పూతకొచ్చినప్పుడు వచ్చి దున్నిపెట్టు" అన్నాడు.

చల్లాం. ఏం చేస్తాం? తిరిగొచ్చి చెబితే ఈరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. దున్ని పెట్టుకున్న మడి వైపు చూస్తూ, "మా చేను కన్నా దొర వాకిలికే ఆకలి ఎక్కువేమి సాబూ?" అని అడిగింది. ఆ రోజు ఆయన అన్నం ముట్టలేదు. వానా మళ్లీ రాలేదు.

దొర వాకిట్లో మాత్రం నీళ్లకేం కొదవ! జనుము మనిషెత్తు పెరిగి, పసుపుపచ్చగా విరగబూసింది. దున్నిపొమ్మని కబురొచ్చింది. కాడెద్దుల్ని బాడుగకు మాట్లాడుకుని పోయాం. వరండాలో దొర తల్లి కూర్చుని ఉంది. ఒంటిమిట్ట పక్క పల్లెటూరు ఆమెది. బంగళాలో పొద్దుపోక, ఆ పూల మీద వాలే తేనెటీగల్ని చూస్తూ కాలక్షేపం చేస్తోంది. ఎద్దుల్ని చూసి, "ఏమప్పా, యాడ దున్నుతారు?" అని అడిగింది. నేను జనుము వైపు చేయి చూపబోయాను. కరీం సాబు నా చెయ్యి పట్టుకుని కిందికి దించాడు. ఎన్నడూ లేనంత వినయంగా, "ఇదే పెద్దమ్మా. పూత మీదుండాది. ఆలూరు పక్క అయితే దున్నరు. కడుపుతో ఉన్నదాన్ని తన్నినట్ల అంటారు. మీ పక్క ఎట్లనో?" అన్నాడు.

ముసలామె లేచి నిలబడింది. "ఎవురప్పా దున్నమనింది?" అని లోపలికి కేకేసింది. దొర బయటికొచ్చాడు. విందని, గడ్డి అని, శాస్త్రమని ఏవేవో చెప్పబోయాడు. "నీ పెండ్లాం నెల తప్పుండాది. ఇంటి ముందర చూలు పైరును దున్నిస్తావా రా? నేను బతికుండంగా జరగదు" అందామె. అంతే! జిల్లాను గడగడలాడించే దొర, తల్లి ముందు నోరు మూసుకున్నాడు. తిరుగు బస్సులో నేను నవ్వాపుకోలేక, "ఏడాదంతా ఈరమ్మతో కొట్లాడి ఈరోజు ఆమె మాటే చెప్తివే సాబూ!" అన్నాను. "అబద్ధం చెప్పలేదు గదప్పా! ఆలూరు పక్క దున్నరంటి. నిజమే గదా?" అన్నాడు. మళ్లీ తానే, "కోపమొస్తే అరిచేది శానా సులభమప్పా. దానితో పని చేయించల్ల" అన్నాడు.

విందు రోజుకు జనుము ఎండిన కాయలతో బంగళాను కప్పేసి నిలబడింది. గాలి వీచినప్పుడల్లా దొరలు మాట్లాడుకునేది ఒకరిదొకరికి వినపడకుండా గలగలమందట. విందు ముగిశాక మేమే పోయి కోసి, నూర్చి, గింజలన్నీ ఆలూరుకు చేర్చాం. దొర తల్లి, "పైరు పండించుకుండే వాళ్లకే పోనీ" అని దగ్గరుండి మూటలు కట్టించింది. పోయినదానికంటే ఎక్కువే తిరిగొచ్చింది.

దానికి ఆయనకు దక్కిన బహుమానం బదిలీ. పైవాళ్ల పనికి అడ్డుపడ్డాడట! ఎక్కడో సముద్రం పక్కకు, మెట్ట సేద్యమే లేని ఊరికి వేశారు. రైతుల విత్తనం వాకిట్లో చల్లించుకున్నవాడిని ఎవరూ ఏమీ అడగలేదు. బస్సు ఎక్కుతూ కరీం సాబు నాతో అన్నది ఒకటే: "ఆమె మడి దున్నేటప్పుడు ఎదురుగా నిలబడతానంటిని. నువ్వు నిలబడు."

మరుసటి వానలకు ఈరమ్మ జనుము వేసింది. పూతకొచ్చిన రోజు నేను గట్టు మీద నిలబడ్డాను. ఆమె పసుపు, కుంకుమ, గాజులు, ఒడిబియ్యం తెచ్చింది. మడి మొదట్లో ఉన్న మొక్కకు పసుపు పూసి, కొమ్మకు గాజులు తొడిగి, మొదలు దగ్గర బియ్యం పోసింది, నిండు చూలాలికి చేసినట్టే. "తప్పయితే నన్ను తిను తల్లీ, నా బిడ్డల జోలికి పోవద్దు. నేను మాటిచ్చింటి, ఈ విత్తనం కోసరం ఆ మనిషిని దేశం దాటించిరి" అంది. కళ్లు తుడుచుకుని తానే మడక పట్టింది. ఎద్దులు కదిలాయి. పచ్చటి పువ్వులు ఒరిగి మట్టిలోకి పోతుంటే ఆమె ఏడుస్తూనే తోలింది. ఆ తర్వాతి పంటకు ఆ మడిలో జొన్న కంకులు చూడటానికి పక్కూళ్ల వాళ్లు వచ్చారు. చూడాల్సిన మనిషి ఒక్కడే లేడు. మళ్లీ ఆయన్ను చూసే రాత నాకూ లేకపోయింది.

ఇదంతా సెక్రటరీకి చెప్పలేదు. కుప్ప ముందు కూర్చుని, ఎండు కాయలు ఏరి జేబుల నిండా పోసుకున్నాను. "ఏం చేస్తారు సార్ వాటిని?" అన్నాడు. "ఈ లాన్ మట్టి ఏ ఊరి చేను నుంచి తెచ్చినావు?" అని అడిగాను. ఆయనకు తెలియదట. లారీవాణ్ణి అడగాలట.

"అడుగు. ఆ చేను గలాయన ఎవురో కనుక్కో. ఈ గింజలు ఆయనకు ఇయ్యల్ల" అన్నాను. ఇంటికి నడుస్తుంటే అడుగడుగునా జేబులు గలగలమన్నాయి.