మా కాక గురి

మా కాక పోయిన కబురు నేను గోధుమ చేను గట్టున ఉండగా వచ్చింది. పొద్దున ఏడు దాటింది. ఒక నీళ్ల వాల్వు కట్టేసి ఇంకొకటి తిప్పుతున్నాను. ఫోనులో ఆయన కొడుకు పంపిన వాయిస్ మెసేజ్: "అన్నా, బాపు పోయిండు. పొద్దుగాల చాయ్‌కి లేపితే లేవలే." మూడుసార్లు విన్నాను. ఏం చేయాలో తోచక, సగం తిప్పిన వాల్వును పూర్తిగా తిప్పాను. దుబాయ్‌కి ఉత్తరాన రాస్ అల్ ఖైమా కొండల కింద ఉన్న ఈ తోటలో తెలుగు వచ్చినవాణ్ణి ఇప్పుడు నేనొక్కణ్ణే. కంచె దాకా పోయి పక్క తోటలో పనిచేసే బెంగాలీ భాయ్‌ని పిలిచి "చాచా ఖలాస్", కాక పోయాడు అన్నాను. ఆయన పార కింద పెట్టాడు.

కాక అంటే మా నాన్న తోడబుట్టినవాడు కాదు. జగిత్యాల వైపు మా పక్క ఊరాయన. ఈ ఒక్క తోటలోనే ఇరవై రెండేళ్లు చేశాడు. కరోనా తగ్గి విమానాలు మళ్లీ తిరిగిన ఏడాది నేను వచ్చాను. వచ్చిన రోజు నా బ్యాగు వైపు చూసి "తొక్కు తెచ్చినవా?" అని ఊరగాయ సంగతి అడిగాడు. నా పేరు ఆ తర్వాతే అడిగాడు.

ఆయన అసలు పని నీళ్లు కట్టడమే. కానీ అర్బాబ్, అంటే మా తోట యజమాని, సరదాపడి గోధుమ వేయించిన దగ్గర్నుంచి కాకకు ఇంకో పని పడింది. తెల్లారుతూనే కొండల మీంచి పావురాలు మందగా దిగుతాయి. విత్తనం చల్లిన రోజు మొదలు కంకి ఎండేదాకా వాటికి పండగే. అర్బాబ్ తన పేరున కాగితాలున్న, సన్న సీసపు గుళ్లు పేల్చే ఛర్రా తుపాకిని కాక చేతికిచ్చాడు. కాక ఈత మట్టలతో చేను పక్కన మనిషి పట్టేంత చాటు కట్టుకున్నాడు. కొట్టిన పావురాలను తెచ్చి చేనులోనే కూర్చోబెట్టేవాడు. గాలికి ఎదురుగా ముఖం పెట్టి, గదవ కింద మట్ట పుల్ల గుచ్చి, మేస్తున్నట్టు నిలబెట్టేవాడు. పైన పోయే మంద వాటిని చూసి దిగేది.

నాకు అది తలకిందుల వ్యవహారంలా తోచింది. మా దగ్గర చచ్చిన కాకిని కర్రకు వేలాడదీస్తే మిగతా కాకులు చేనువైపు రావు. ఒకరోజు ఆయన లేనప్పుడు నాలుగు పావురాలను కంచెకు కట్టి వేలాడదీశాను. మంద మా చేను మీంచి తిరిగి పక్క తోటలో దిగింది. కాక వచ్చి ఒక్కొక్కటే విప్పాడు.

"తోల్తె ఏడికి పోతయిరా? ఆ తోటకు పోతయ్. ఆడ గూడ మనసొంటోడే ఉన్నడు, ఒక్కడే. మన పిట్టలను మనమే సూసుకోవాలె."

కాకను దయామయుడని రాస్తే ఆయనే ఒప్పుకోడు. పావురం పడితే ఆయన ముఖం వెలిగేది. సాయంత్రం ఈకలు పీకి, పల్లీలు నూరి పోసి కూర వండేవాడు. వడ్డిస్తూ "పండ్లు పైలం", పళ్లు జాగ్రత్త అనేవాడు. పంటికి తగిలిన ఛర్రాలను కిటికీ అంచున సీసా మూతలో వేసేవాడు. ఆ మూత నిండితే పారేసి మళ్లీ మొదలుపెట్టేవాడు. ఆ గదిలో మాకున్న కాలక్షేపం దాదాపు అంతే. శుక్రవారం ఇంటికి వీడియో కాల్ చేస్తే నాలుగో నిమిషానికి ఆయనకు మాటలు అయిపోయేవి. "ఇంటికి పోతె నేను సుట్టాన్నేరా" అన్నాడొకసారి. "ఉప్పు డబ్బ ఏడున్నదో గూడ అడగాలె." ఆయన ఇంకా ఈ తోటలోనే ఉండాలనుకున్నాడు.

అందుకే కళ్ల సంగతి దాచాడు. నాకు తెలిసింది దుబాయ్‌లోని డేరా బజారులో. ఓ సెలవురోజు బస్సెక్కి పోయాం. ఫుట్‌పాత్ మీద అమ్మే కళ్లజోళ్లు ఒక్కొక్కటే పెట్టుకుని క్రీక్ అనే సముద్రపు పాయ వైపు చూసి, "పడవ ఉన్నదా?" అని నన్ను అడిగాడు. నేను నవ్వాను. వేళాకోళమనుకున్నాను. ఐదోది కూడా తీసి ఇచ్చేసి "ఎవలకు చెప్పకు" అన్నాక నవ్వు ఆగింది. ఆస్పత్రికి పోతే మాట అర్బాబ్ చెవిన పడుతుందనీ, వెంటనే టికెట్ చేతిలో పెడతాడనీ ఆయన భయం.

అప్పటి నుంచి చాటులో ఇద్దరం ఇరుక్కుని కూర్చునేవాళ్లం. మొదట్లో నేను దిక్కు చెబితే ఆయన కొట్టేవాడు. తర్వాత తుపాకి నా చేతికొచ్చింది. ఆయన చెవి మాత్రం నా కళ్లకంటే ముందుండేది. కొండ వైపు నుంచి వస్తున్నాయో, సముద్రం వైపు నుంచో రెక్కల చప్పుడు విని చెప్పేవాడు. అర్బాబ్‌కు ఇంటి దగ్గర పెంపుడు పావురాల గూడు ఉంది. వాటిలో ఒక్కోదానికి ఒక్కో పేరు. అవి ఎగిరేటప్పుడు రెక్కలు టపటప కొట్టుకుంటాయని, అడవివి అలా కొట్టవని కాకే నాకు చెప్పాడు. చెప్పినప్పుడు బుద్ధిగా తలూపాను.

ఒకరోజు నాకు గురి కుదిరింది. ఆరు పడ్డాయి. గర్వంగా ఉంది. ఏడోది ఒంటరిగా వచ్చి మా పుల్లల పావురాల మధ్య దిగింది. కాక నా మోచేయి పట్టుకుని "ఆగు" అన్నాడు. అప్పటికే నొక్కేశాను. పోయి చూస్తే కాలికి ఉంగరం, అర్బాబ్ పెంపుడు పావురాలకు ఉండేది.

పది గంటలకు అర్బాబ్ వచ్చాడు. చచ్చిన పావురాన్ని అరచేతిలో పెట్టుకుని, "కిస్ నే మారా?" అని అడిగాడు. ఎవరు కొట్టారని. నా నోరు తెరుచుకోలేదు. వచ్చి ఇంకా ఏడాది కాలేదు, నన్ను పంపేస్తాడని భయం. ఇంకే కారణమూ లేదు, భయమే. కాక ముందుకు జరిగాడు.

"మై మారా, అర్బాబ్. ఆంఖ్ నహీ దిఖ్తా."

తనే కొట్టానన్నాడు, కళ్లు కనబడవన్నాడు. నేను రాకముందు నుంచీ పంటి బిగువున దాచిన మాటను నా కోసం అలా బయటపెట్టేశాడు. అర్బాబ్ చాలాసేపు ఆయన కళ్లలోకి చూశాడు. తిట్టలేదు. ఇంటికి పోయి ఆపరేషన్ చేయించుకో, ఇక్కడ ఖలాస్ అన్నాడు. రెండు వారాలకు టికెట్ వచ్చింది.

గదిలో కాళ్లు పట్టుకోబోయాను. కాక విదిలించుకున్నాడు.

"నాటకాలు చెయ్యకు. నిన్ను పంపిస్తే మీ ఇంటోళ్లు నన్నే అడుగుతరు. తుపాకి పట్టుడు నేర్పిన, ఆగుడు నేర్పకపోతి." ఆ తర్వాత మూడు రోజులు నాతో మాట్లాడలేదు. ఆయనకు నిజంగానే కోపం వచ్చింది. రావాల్సిందే కదా.

పోయాక ప్రతి శుక్రవారం తనే ఫోన్ చేసేవాడు. "దిగుతున్నయా?" అనేవాడు. దిగుతున్నాయనేవాణ్ణి. ఆ పావురం మాట ఆయన ఎత్తలేదు. నేను ఎత్తాల్సింది. ప్రతిసారీ వచ్చే వారం అనుకున్నాను. వారాలు రెండేళ్లయ్యాయి.

మొన్న దినాల నాడు చాటులో కూర్చుని చిన్నమ్మకు, అంటే కాక భార్యకు, ఫోన్ చేశాను. ఇంటినిండా చుట్టాలు. ఆమె ఏడుస్తూనే చెప్పింది.

"కండ్లు కనవడక షేక్ పిట్టను కొట్టిండని ఊరంత నవ్విరి బిడ్డా. పిట్టేదో, పెంపుడేదో ఎరుకలేదాయె అని మావోళ్లు గూడ ఎగతాళి పట్టిచ్చిరి. ఏమన్నడు? ఏమనలే. తలకాయ వంచుకొని కూసునేటోడు."

నేను ఇన్నాళ్లూ ఆయన ఇంట్లోనైనా నిజం చెప్పి ఉంటాడని అనుకున్నాను. సొంత ఇంట్లో కూడా నన్ను కాచాడు.

"చిన్నమ్మా, అది కొట్టింది నేను" అన్నాను. "కాక ఆగమన్నడు. రెక్కల సప్పుడు ఇని పెంపుడుదని గుర్తువట్టిండు. నేనే ఆగలే. అర్బాబ్ అడిగితె నా నోరు లేవలే. కాక తన మీదేసుకున్నడు."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"అయితె ఆయన తప్పు కొట్టలేదా?"

"లేదు చిన్నమ్మా. ఆయన చేతిల ఉన్నన్నాళ్లు ఒక్కటి గూడ తప్పు కొట్టలే."

"ఆగు" అంది. ఎవరినో పిలిచింది. గిన్నెల చప్పుడు ఆగింది, పిల్లలను గదమాయించారు. "అందరు ఇక్కడ్నే ఉన్నరు. ఫోను నడిమిట్ల పెట్టిన. మల్ల మొదటి నుంచి చెప్పు, గట్టిగ చెప్పు."

చాటులోంచి లేచి గట్టు మీద నిలబడ్డాను. అప్పుడే కొండ వైపు నుంచి మంద వచ్చింది. చేను మీద ఒకసారి తిరిగి పాలు పట్టిన కంకుల మధ్య దిగింది. ఒకటి, పది, లెక్కలేనన్ని. నేను చూస్తూనే ఉన్నాను. గొంతు పెంచి, ఆ రోజు పొద్దున నుంచి మొదలుపెట్టి, జగిత్యాల దగ్గరి ఆ వాకిట్లో ఉన్నవాళ్లందరికీ చెబుతూ పోయాను. పావురాలు తింటూనే ఉన్నాయి.