బండి వెనక మా చిన్నమ్మ

చిన్నమ్మ పోయిందని తమ్ముడు ఫోన్ చేసినప్పుడు నేను హన్మకొండలో కూరగాయలు బేరం చేస్తున్నాను. "అక్కా, చిన్నమ్మ ఇగ లేదు. దవాఖాన్లనే పోయింది" అన్నాడు. "సరే" అన్నాను. ఎందుకట్లా అన్నానో ఇప్పటికీ తెలియదు. టమాటలమ్మే ఆమె "ఏమైందమ్మా?" అని అడిగితే, "మా చిన్నమ్మ" అని ఊరుకున్నాను. డబ్బులిచ్చి సంచి ఎత్తుకున్నాను.

ఆమె మా అమ్మకు చెల్లెలు. ఉద్యోగమంతా ములుగు అవతలి అడవి పల్లెల్లో ఏఎన్ఎమ్‌గా చేసింది. పసిపిల్లలకు టీకాలు వేయడం, కడుపుతో ఉన్నవాళ్లను చూసుకోవడం, అవసరమైతే కాన్పు దగ్గర నిలబడడం ఆమె పని. ఆమె భర్తను మేము చిన్నాయన అంటాం. ములుగులో వ్యవసాయ మోటర్లు రిపేరు చేసే షాపు ఉండేది ఆయనకు. జీపులు పోని ఊళ్లకు పొద్దున్నే ఆయనే తన పాత బండి మీద ఆమెను దింపి వచ్చి, తర్వాత షాపు తెరిచేవాడు. అటొకటి ఇటొకటి రెండు సైలెన్సర్లున్న పాతకాలపు బండి అది. ఇప్పుడు రోడ్ల మీద పెద్దగా కనబడదు.

మొదట్లో చిన్నమ్మ కూడా అందరు ఆడవాళ్లలాగే ఒక పక్కకు తిరిగి కూర్చునేది, ఒళ్లో టీకాల డబ్బా పెట్టుకుని. ఒకసారి వాగు దాటుతుంటే బండి జారింది. ఆమె నీళ్లలో పడింది, డబ్బా కొట్టుకుపోయింది. ఆ రోజు ఊళ్లో తల్లులు పిల్లల్ని ఎత్తుకుని చూసి చూసి ఇళ్లకు పోయారట. మర్నాటి నుంచి చిన్నమ్మ చీర లోపల పైజామా తొడుక్కుని, మగవాళ్లలాగా రెండు వైపులా కాళ్లు వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. ములుగు బస్టాండు దగ్గర జనం నవ్వేవాళ్లు. మా అమ్మమ్మ కూడా తిట్టింది. "నవ్వెటోళ్లను నవ్వనియ్యే అమ్మా. డబ్బా పడకుంటే సాలు" అనేదట చిన్నమ్మ.

ఇంకో అలవాటు ఉండేది ఆమెకు. ఊరు ఇంకా కొంచెం దూరం ఉందనగానే చిన్నాయన భుజం మీద తట్టేది. ఆయన ఇంజను ఆపేవాడు. అక్కణ్ణించి ఆమె నడిచి పోయేది. ఎందుకని నేనడిగితే, "రాత్రంత ఏడ్సిన పిల్లలు అప్పుడే పండుకుంటరు బిడ్డా. మన బండి సప్పుడుకు లేస్తే ఆ తల్లి మనల్ని తిట్టుకోదా?" అంది.

రిటైరయ్యాక ఇద్దరూ వరంగల్ శివనగర్‌కు వచ్చేశారు. బండి కూడా వచ్చింది. ఆ తర్వాత చిన్నమ్మకు కిడ్నీలు పాడయ్యాయి. వారం వారం డయాలసిస్‌కు ఆటోలో తీసుకుపోయేవాళ్లు. ఆ రోజుల్లోనే బండి సైలెన్సర్లు రెండూ కింద తుప్పుపట్టి చిల్లులు పడ్డాయి. కంపెనీవి ఎక్కడా దొరకలేదు. చివరికి హైదరాబాద్ నుంచి వేరే ఎవరో చేసిన జత తెప్పించారు. ఒక్కళ్లే ఊళ్లు తిరిగే కుర్రకారు కొనుక్కునేవి. లావుగా, వెనక్కి పోయేకొద్దీ పైకి లేచినట్టుగా ఉంటాయి.

చిక్కంతా అక్కడే వచ్చింది. పాత సైలెన్సరును పట్టుకునే బోల్టూ, వెనక కూర్చున్నవాళ్లు కాలు పెట్టుకునే ఫుట్‌రెస్ట్ బోల్టూ ఒకటే. కొత్తవాటితో వచ్చిన పట్టీలో ఫుట్‌రెస్టుకు చోటే లేదు.

అండర్‌బ్రిడ్జి అవతల మెకానిక్ భాయ్ సంగతి చూసి, "ఎనక ఫుట్‌రెస్టులు తీసేద్దాం అన్నా. అరగంటల పని అయిపోతది. ఇప్పుడు నీ ఎనక ఎవరు కూసుంటరు?" అన్నాడు.

"మా ఆమె కూసుంటది" అన్నాడు చిన్నాయన.

భాయ్‌కి చిన్నమ్మ జబ్బు సంగతి తెలుసు. చేతిలోని పానా కింద పెట్టాడు.

ఇంటికొచ్చి చెబితే చిన్నమ్మే, "తీసెయ్యుమను. నేను ఆటోల పోతాన గదా" అంది. చిన్నాయన అన్నం ముందు నుంచి లేచిపోయాడు. ఆ రోజంతా ఆమెతో మాట్లాడలేదు. మర్నాడు నేను వెళ్లేసరికి చిన్నమ్మ నన్ను పక్కకు పిలిచింది. "ఆ రెండు ఇనుప ముక్కలు తీస్తే నేను ఇగ ఎక్కనని ఒప్పుకున్నట్టయితదట. ఏం మనిషే ఈయన" అంది. కళ్లు తుడుచుకుంది. కాసేపటికి, "ఉండనియ్యుమను. కాని సప్పుడు ఎక్కువైతే మాత్రం నేను ఎక్క. అది గట్టిగ చెప్పు" అంది.

చిన్నాయన, భాయ్ కలిసి పని మొదలుపెట్టారు. ముందు అట్టముక్క కోసి కొలత చూసుకున్నారు. తర్వాత మందపాటి ఇనుప రేకును ఆ ఆకారంలో కోయించారు. ఫుట్‌రెస్ట్ ఉన్నచోటే ఉండి, దాని వెనక నుంచి రేకు కిందికి దిగి సైలెన్సరును పట్టుకోవాలని వాళ్ల ఆలోచన. చప్పుడు పెరగకుండా, కుర్రకారు పీకించేసే సైలెన్సరు లోపలి గొట్టాన్ని కదపకుండా అట్లాగే ఉంచాడు భాయ్.

ఒక ఆదివారం చూడ్డానికి చిన్నమ్మను కూడా తీసుకుపోయాం. షాపు ముందు ప్లాస్టిక్ కుర్చీ వేశారు. ఆమె బదులు నేను చిన్నాయన వెనక ఎక్కాను. స్టేషను వైపు ఒక చుట్టు కొట్టి వచ్చేసరికి రబ్బరు కాలిన వాసన. చూస్తే నా చెప్పు మడమ దగ్గర సైలెన్సరుకు అతుక్కుంది.

"కొంచెం కిందికి దించుత" అన్నాడు భాయ్.

"కిందికి దించకు నాయినా, వాగుల రాళ్లకు తాకుతది. బయటికి జరుపు" అంది చిన్నమ్మ. మాట్లాడితేనే ఆయాసం వస్తోంది. "నువ్వేమో బిడ్డా, కాళ్లు ముడుసుకొని కూసున్నవ్. నేనట్ల కూసోను. గుంత వస్తే మడిమ ఎనక్కి పోతది. ఎన్నో గుంతలు సూసిన నేను."

"మరి నువ్వు ఎక్కినప్పుడు సూద్దాం" అన్నాడు చిన్నాయన.

ఆమె నవ్వింది, కానీ ఎక్కలేదు. ఆ రోజు ఎక్కించి ఉండాల్సిందని చిన్నాయన ఇప్పటికీ అంటాడు.

తర్వాత వానలు పట్టుకున్నాయి. డయాలసిస్ రోజుల్లో పని ఆగేది. ఆమె నీరసపడి ఉన్న రోజుల్లోనూ ఆగేది. సైలెన్సరును బయటికి జరపడానికి రేకుకూ ఫ్రేముకూ మధ్య వేసే చిన్న ఇనుప గొట్టం, బుష్, ఒకసారి పొట్టిదైంది, ఇంకోసారి పొడుగైంది. చిన్నాయనకు ఏదీ నచ్చేది కాదు. "ఆమె కాలు కాలొద్దు" అనేవాడు. చివరికి సరిగ్గా కుదిరేసరికి చిన్నమ్మకు ఇంటి మెట్లు ఎక్కడమే కష్టమైంది.

అప్పుడే ములుగు అవతలి ఊరి నుంచి పెళ్లి పిలుపు వచ్చింది. ఆ పెళ్లికూతురు చిన్నమ్మ చేతుల్లో పుట్టిన పిల్ల. పోవద్దని అందరం చెప్పాం. "పోతా" అంది. బండి మీద పోతానంది. డాక్టరు గట్టిగా వద్దన్నాడు. చివరికి ఆమె, నేను, తమ్ముడు కారులో. ముందు చిన్నాయన ఒక్కడే బండి మీద. దారి పొడుగునా ఆమె కారు అద్దంలోంచి ఆయన వీపునే చూస్తూ కూర్చుంది.

తారురోడ్డు దిగి ఊరి మట్టిబాట మొదలయ్యే చోట, "ఆపు బిడ్డా" అంది తమ్ముడితో. దిగి బండి దగ్గరికి నడిచింది. వెనక్కి చూసి ఆగిన చిన్నాయన ఒక కాలు నేలకు ఆనించాడు. బండిని ఆమె వైపు ఒరిగించి పట్టుకున్నాడు. చిన్నమ్మ ఫుట్‌రెస్ట్ మీద కాలు పెట్టి, ఆయన భుజం పట్టుకుని, రెండో కాలు అటువైపు వేయబోయింది. కాలు లేవలేదు. ఇంకోసారి ప్రయత్నించింది. నేను పట్టుకోబోతే చేత్తో వారించింది. కాలు కిందికి దించి, "సరే, అడ్డంగనే కూసుంట" అంది.

వాగులో పడ్డప్పటి నుంచి ఒప్పుకోని పని అది. ఒక పక్కకు తిరిగి కూర్చుని, రెండు పాదాలూ ఆ ఒక్క ఫుట్‌రెస్ట్ మీద సర్దుకుంది. చిన్నాయన మనిషి నడిచినంత మెల్లగా నడిపాడు. వెనక మేము కారులో. ఆమె కొంగు గాలికి ఎగురుతుంటే పట్టుకుని, తల పక్కకు వంచి కింద సైలెన్సరు వైపు చూసుకుంటూ పోయింది. ఊరు దగ్గర పడగానే చిన్నాయన భుజం మీద తట్టింది.

"పెండ్లి ఇల్లే, మైకు మోగుతాంది. పిల్లలెవరు పండుకుంటరు?" అన్నాడు ఆయన.

"అయినా ఆపు" అంది.

దిగాక నాతో, "భాయ్ బానే కట్టిండు. కాలుకు సెగ తగుల్తలేదు" అని చెప్పింది. పైజామా వేసుకొచ్చి కూడా అడ్డంగా కూర్చోవాల్సి వచ్చిందని కొంచెం సిగ్గుపడింది.

కొత్త సైలెన్సర్లు వేసిన బండి మీద ఆమె కూర్చున్నది ఆ కాస్త దూరమే. పండగ పోయాక మేడారం దాకా పోదామని, తను పనిచేసిన ఊళ్లన్నీ ఒక్కసారి చూసి వద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఆ పండగ రాకముందే ఆమె దవాఖానలో చేరింది.

"జర ముందే అయిపోయుంటే బాగుండె బిడ్డా" అంటాడు చిన్నాయన. "కాలుతదని, తగుల్తదని సూసుకుంట కూసున్న. కాలితే కాలేది. నాలుగు ఊర్లన్న తిరిగొచ్చేది." తప్పెవరిదీ కాదు. ఆమె కోసమే జాగ్రత్తపడ్డాడు. ఆ జాగ్రత్తే ఆమెకున్న మంచి రోజుల్ని తినేసింది.

దశదిన కర్మ నాడు అడవి పల్లెల నుంచి జనం జీపు మాట్లాడుకుని వచ్చారు. శివనగర్ గల్లీలో మా చుట్టాల కంటే వాళ్లే ఎక్కువగా కనిపించారు. భోజనాలయ్యాక ఆ పెళ్లికూతురు ఎవరు చెప్పినా వినకుండా నల్లా దగ్గర కూర్చుని గిన్నెలు తోమింది. జాకెట్టు చేయి పైకి మడుచుకుంది. ఎడమ భుజం కింద, పసితనంలో చిన్నమ్మ వేసిన టీకా మచ్చ, చిన్న గింజంత గుండ్రంగా ఉంది. దాని మీద పడ్డ నీటి చుక్కలు ఎండకు మెరుస్తుంటే, చిన్నాయన గడపలో నిలబడి అటే చూస్తున్నాడు.