వంటావార్పులో విప్పిన మ్యాపు

కొలువు పోగొట్టుకోవడానికి శత్రువులు అక్కర్లేదు, కాస్త చదువు చాలు. కోరుట్ల రోడ్డు మీద నేను ఆ సంగతి రుజువు చేయబోయాను. మీరు నవ్వుకోండి, ఆ రోజు నాకు ఏడుపొక్కటే తక్కువ.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. జగిత్యాలలో ఒక నీటి సర్వే ఆఫీసులో కొత్తగా చేరాను. "బోరునీళ్ళ మ్యాపు మండలాలవారీగ గియ్యమ్మా. సిరిసిల్ల మీటింగుల అది నచ్చితేనే నీ కొలువుంటది" అన్నారు మా సార్. వింటేగా! నీళ్ళకు మండలాలేమిటని, గోదావరిలోకి వాననీరు పారే నేలంతా ఒకే పచ్చరంగు వేశాను. రాష్ట్రాల గీతలు కూడా తీసేశాను. ఎంత తెలివో చూడండి!

కోరుట్లలో పెద్ద ప్రింటు తీయించుకుని సిరిసిల్ల బస్సెక్కితే, ఊరి చివర రాస్తారోకో. రోడ్డు మధ్య పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. బస్సు దిగక తప్పలేదు. అక్కడి నాయకుడు మల్లన్న నా చంకలోని కాగితపు చుట్ట వైపు చూశాడు.

"ఏంది చెల్లె గది?"

"మ్యాపు అన్నా. నేనే గీసిన."

"తెలంగాణదా? విప్పు, సూద్దాం!"

మెచ్చుకుంటారన్న ఆశతో రోడ్డు మీద పరిచాను. జనం మూగారు. నినాదాలు ఆగిపోయాయి.

"మన గీత ఏది?"

"వానచుక్కకు రాష్ట్రం ఉండదన్నా. నది పారినంత దూరం ఒక్కటే."

నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. నా నోటి పుణ్యమా అని కోరుట్ల ఒక్క క్షణంలో చెడ్డదైపోయింది.

"జగిత్యాల, రాజమండ్రి ఒక్కటే రంగా? ఎవలు పంపిన్రు నిన్ను?"

వాళ్ళు మ్యాపు చింపితే కొలువు గోవిందా! "ఇప్పుడే గీస్తనన్నా" అంటూ ఎర్ర మార్కరు తీశాను.

"భద్రాచలం అవుతల పడ్డది!"

గీత వంచాను.

"పాలమూరు తెల్లగున్నదేంది? వాళ్ళు మనోళ్ళు కారా?"

ఆ నీళ్ళు కృష్ణకు పోతాయని చెప్పే ధైర్యం ఇక లేదు. గీత పాలమూరు దాకా సాగదీశాను.

ఇంతలో సాంబారు బకెట్టుతో రాజవ్వ వచ్చింది. "సిరిసిల్ల పక్క మా తంగళ్ళపల్లి ఏడున్నది బిడ్డా?" అంటూ వంగింది. బకెట్టు కూడా వంగింది. సిరిసిల్ల మునిగింది.

"అయ్యో బిడ్డా!" అని రాజవ్వ కొంగుతో అద్దసాగింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. మల్లన్న కోపం దిగిపోయింది. "ఏడువకు చెల్లె. ఇంత తిని పో" అని విస్తరి వేయించి, తర్వాత తెలిసినవాళ్ళ బండి మీద సిరిసిల్ల పంపించాడు.

మీటింగులో పెద్ద అధికారి మ్యాపును ఎంతసేపు చూశాడో!

"పచ్చరంగు సమజ్ కాలే. ఎర్రగీత అసలే కాలే. సిరిసిల్ల మీద గీ పసుపు మాత్రం మంచిగున్నది. అచ్చం మండలమంతనే ఉన్నది. ఏంది గిది?"

"సాంబారు సార్."

పక్కనే ఉన్న మా సార్ తల పట్టుకున్నారు. "రేపటికల్ల మండలాలవారీగ గీసుకొని రా. గీసారి ఇంట్ల కూసోని గియ్యి!"

మళ్ళీ గీయమన్నారంటే కొలువు దక్కినట్టే. ఆ రాత్రే ఇంట్లో పొయ్యి సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను: మండలాలంటే మండలాలే గీస్తాను. ఎల్లల మీద ఉపన్యాసం చెప్పాలనిపిస్తే, ముందు నోట్లో పెద్ద ముద్ద పెట్టుకుంటాను.